ఇన్యూట్‌ల బడులపై ఇన్యూట్‌లే పరిశోధన చేసేలా చూడాలంటే ఎలా?

ముందు ప్రశ్న ఎవరిదో తేల్చుకోండి. ఇన్యూట్‌లు ఆర్కిటిక్ ఆదివాసులు. కెనడా ఉత్తరాన, ఇన్యూట్ నునంగాట్ అని పిలుచుకునే వాళ్ల స్వస్థలంలో 51 ఊళ్లున్నాయి. దక్షిణ కెనడా పరిశోధకులు దశాబ్దాలుగా అక్కడ విమానం దిగి, జవాబులు మూటగట్టుకుని వెళ్లిపోయారు. పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారో కూడా బయటివాళ్లే అడిగి, బయటివాళ్లే చెబితే ఊరికి ఒరిగేదేముంది? అందుకే స్థానిక విద్యా మండలితో, తల్లులతో, పెద్దలతో కూర్చుని, వాళ్లు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో వినండి. కెనడా ఇన్యూట్‌ల జాతీయ సంస్థ ఇన్యూట్ తపిరీట్ కనతామి 2018లో ప్రకటించిన పరిశోధన వ్యూహం అడిగేదీ అదే: నిర్ణయాలు, నిధులు, సమాచారం ఇన్యూట్‌ల చేతిలో ఉండాలి.

ఇక మనుషులు. పరిశోధన చేయగల ఇన్యూట్‌లు లేరన్న మాట నమ్మకండి. ఈ స్వస్థలంలో భాగమైన నునావుట్ ప్రాంతంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ విశ్వవిద్యాలయం నడిపిన కోర్సులో 2009లో 21 మంది ఇన్యూట్ మహిళలు విద్యలో మాస్టర్స్ పట్టా అందుకున్నారు. అలాంటివారిని దుబాసీలుగా కాదు, ప్రధాన పరిశోధకులుగా తీసుకోండి. కొత్తవారికి శిక్షణ వాళ్ల ఊళ్లోనే ఇవ్వండి, జీతంతో. వసంతంలో కుటుంబాలు వేటకు వెళ్లే వారాల్లో పని పెట్టుకోకండి.

నునావుట్‌లో అయితే నునావుట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి పరిశోధనకు లైసెన్సు తీసుకోవాలి. దానికి వ్యవధి ఉంచుకోండి.

పద్ధతి దగ్గరే చాలామంది తడబడతారు. ఒక పెద్దావిడ ఉలు అనే అర్ధచంద్రాకారపు కత్తితో సీల్ తోలు మీది కొవ్వు గీస్తోందనుకోండి. పక్కనే మనవరాలు ఆ చేతులకేసి చూస్తుంటుంది. ‘ఇలా చెయ్యి’ అని ఆవిడ అనదు. పిల్ల కత్తి వంకరపోతే తన చేతిని మరికాస్త నెమ్మదిగా కదుపుతుంది, అంతే. చూసి, చేసి, మళ్లీ చేసి నేర్చుకునే ఈ తీరును పిలిమ్మక్సర్నిక్ అంటారు. ప్రశ్నాపత్రానికి ఇది చిక్కదు. కాబట్టి అక్కడే కూర్చుని చూడాలి, వాళ్ల భాష ఇనుక్టిటుట్‌లోనే మాట్లాడాలి, ఆ మాటల్లోని అర్థాన్ని ఆ భాషలోనే తేల్చాలి. ఇంగ్లీషు నివేదిక చివరి పని.

రికార్డింగులు ఎక్కడ ఉంటాయో, ఎవరి అనుమతితో వాడాలో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. నా దృష్టిలో ఇది లేని పరిశోధన మొదలుపెట్టకపోవడమే మేలు. ఫలితాలను ఊరి రేడియోలో ఇనుక్టిటుట్‌లో ముందుగా వినిపించండి. ‘అలా కాదు’ అని ఎవరైనా ఫోను చేస్తే రాసుకోండి, నివేదిక దిద్దుకున్నాకే పంపండి.