64 గళ్లను 65 చేసి చూపించడం ఎలా?

ఎనిమిది గళ్ల చదరాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కలతోనే 13 గళ్ల పొడవు, 5 గళ్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం పేర్చాలి. ఎనిమిది ఎనిమిదులు 64. పదమూడు అయిదులు 65. జర్మన్ గణితజ్ఞుడు ఆస్కార్ ష్లోమిల్ష్ 1868లో ప్రచురించిన చిక్కు ఇది.

రెండు తెల్ల డ్రాయింగ్ షీట్లు, ఒక నల్ల చార్టు, స్టీలు స్కేలు, బ్లేడు, సన్నగా చెక్కిన పెన్సిలు చాలు. కత్తెర వాడకండి, అంచు వంకరపోతుంది. గడి ఒక సెంటీమీటరే ఉండాలి.

చదరం గీసి, గళ్లు చూసేవాళ్లతోనే లెక్కపెట్టించండి. పైనుంచి మూడు గళ్ల దగ్గర అడ్డంగా కోయండి. పై పట్టీని కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు కోస్తే రెండు త్రిభుజాలు. కింది పట్టీలో పై అంచున ఎడమ నుంచి 3 గళ్ల దగ్గర, కింది అంచున 5 గళ్ల దగ్గర చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ కోస్తే రెండు ట్రెపీజియాలు, అంటే రెండు భుజాలు మాత్రమే సమాంతరంగా ఉండే నాలుగు భుజాల ముక్కలు.

అసలు పని పేర్చడం. నేను చూసినవాళ్లలో చాలామంది ఇక్కడే చెడగొట్టారు. ఏటవాలు అంచులను ముందు ఒకదానికొకటి గట్టిగా ఆనిస్తారు. త్రిభుజం వాలు ఎనిమిదికి మూడు, అంటే 0.375. ట్రెపీజియం వాలు అయిదుకు రెండు, అంటే 0.4. ఈ రెండూ కలిసి ఒక్క సరళరేఖ కావు. వాటిని బలవంతంగా కలిపితే ఆ తేడా అంతా బయటి అంచుకు తన్నుకొస్తుంది, ముందు వరసలో కూర్చున్న పిల్లవాడు వెంటనే పట్టేస్తాడు.

కాబట్టి బయటి నుంచి లోపలికి పేర్చాలి. రెండో తెల్ల షీటు మీద 13×5 చట్రాన్ని లేతగా గీసుకోండి. ట్రెపీజియాలను ఒకటి కుడివైపు కింది మూలలో, ఒకటి ఎడమవైపు పై మూలలో పెట్టండి. రెండు సమాంతర భుజాల్లో పెద్దది చట్రం పొట్టి అంచుకు ఆనాలి. తర్వాత త్రిభుజాల 3 గళ్ల భుజాన్ని ట్రెపీజియం 3 గళ్ల భుజానికి చేర్చండి. సర్దాల్సి వస్తే ముక్కను చట్రం వైపే జరపండి, మధ్యకు ఎప్పుడూ నెట్టకండి. అప్పుడు తేడా మొత్తం కర్ణం పొడవునా పరుచుకుంటుంది. మధ్యలో సందు మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే. తెలుపు మీద తెలుపు కనుక కంటికి ఆనదు. రెండు సెంటీమీటర్ల గళ్లు గీస్తే సందు రెట్టింపై బయటపడుతుంది.

సున్నాతో భాగించి 1 = 2 అని నిరూపించే పాత లెక్క కన్నా ఇదే మేలు. అక్కడ విలువ సున్నా అయిన a − b తో భాగించడం కనపడగానే తెలిసినవాళ్లు చెయ్యెత్తుతారు. ఇక్కడ ముక్కలు వాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

కొలతలు మార్చాలనుకునేవారికి ఒక హెచ్చరిక. 5, 8, 13 అనేవి ఫిబొనాచ్చి సంఖ్యలు, అంటే పక్కపక్కన ఉన్న రెండింటిని కలిపితే తర్వాతిది వచ్చే వరుసలోవి. మన ఛందస్సులో లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు కదా. నాలుగు మాత్రలను 5 రకాలుగా, అయిదింటిని 8 రకాలుగా, ఆరింటిని 13 రకాలుగా కూర్చవచ్చు. 12వ శతాబ్దంలో జైన పండితుడు హేమచంద్రుడు ఈ వరుసనే వివరించాడు. వరుసలో పక్కపక్కన ఉన్న మూడింట మొదటిదాని, మూడోదాని లబ్ధానికీ, మధ్యదాని వర్గానికీ తేడా ఎప్పుడూ ఒకటే, కాని ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. 13 గళ్ల చదరం తీసుకుంటే 169 కాస్తా 168 అవుతుంది, ముక్కలు ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. పెద్దది కావాలంటే 21 తీసుకోండి, 441 పోయి 442 వస్తుంది.

వాదన వేడెక్కాక నల్ల చార్టు తీయండి. దాని మీద ముందే గీసి ఉంచిన చట్రంలో, ఇదే వరసలో, వాళ్లచేతనే పేర్పించండి. మూల నుంచి మూలకు సన్నని నల్ల చీలిక కనిపిస్తుంది. దాని వైశాల్యం సరిగ్గా ఒక గడి.