ప్యాడ్ సౌండ్ మరీ చల్లగా ఉంటే శ్రుతిని 4 సెంట్లు జరిపి చూడండి

సాఫ్ట్‌వేర్ సింథ్‌లో (కంప్యూటర్‌లో పనిచేసే ఎలక్ట్రానిక్ వాయిద్యం) ప్యాడ్, అంటే మెల్లగా సాగే నేపథ్య శబ్దం, పెట్టి కార్డ్ (కలిపి మోగే స్వరాలు) పట్టుకుంటే శ్రుతి మరీ కచ్చితంగా ఉండి, ప్రాణం లేనట్టు వినిపిస్తుంది కదా. దీనికోసం కొత్త ప్లగిన్ కొననక్కర్లేదు. రెండు ఆసిలేటర్లలోనూ (శబ్ద తరంగాన్ని పుట్టించే భాగాలు) సా వేవ్ (రంపం పళ్ళ ఆకారపు తరంగం) పెట్టి ఒకదాన్ని 4 సెంట్లు పైకి, ఇంకోదాన్ని 4 సెంట్లు కిందికి జరపండి. సెంటు అంటే శ్రుతిని కొలిచే చిన్న ప్రమాణం; అర్ధస్వరం (కీబోర్డ్‌లో పక్కపక్క కీల మధ్య దూరం) అంటే 100 సెంట్లు, కాబట్టి అపశ్రుతి అనిపించదు. తర్వాత రెండో ఆసిలేటర్ పిచ్‌కి మాత్రమే ఒక ఎల్ఎఫ్ఓ (శ్రుతిని మెల్లగా ఊపే నెమ్మది తరంగం) కలపండి: ట్రయాంగిల్ వేవ్, వేగం 0.2 హెర్ట్జ్, అంటే 5 సెకన్లకి ఒక చుట్టు, లోతు 3 సెంట్లు చాలు. రీట్రిగ్గర్ తప్పకుండా ఆఫ్ చేయండి, లేకపోతే కీ నొక్కిన ప్రతిసారీ ఊగడం ఒకే చోట మొదలై మళ్ళీ యంత్రంలాగే ఉంటుంది.

నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్‌లో సి మైనర్ పట్టుకుని విన్నా. తంబురాలో మధ్య తీగలు రెండూ ఒకే షడ్జమం మీద మోగుతూ మెల్లగా అల్లుకున్నట్టు అనిపించింది, చాలాసేపు చెయ్యి తీయబుద్ధి కాలేదు.

బాస్‌కి మాత్రం ఇది వద్దు. 55 హెర్ట్జ్ దగ్గర 8 సెంట్ల తేడా వల్ల దాదాపు 4 సెకన్లకోసారి రెండు తరంగాలూ ఎదురుపడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుని అడుగు బరువు మాయమవుతుంది. అక్కడ ఒక్క ఆసిలేటరే ఉంచండి.