ఉగాండా వెళ్తుంటే మందుల సంచి ఇలా సర్దుకోండి

ఉగాండా వెళ్లేవాళ్లు మందులను చెకిన్ సూట్‌కేసులో పెట్టకండి. అది ఒక రోజు ఆలస్యంగా వచ్చినా బీపీ, షుగర్ మాత్రలు లేకుండా టెన్షన్ పడాల్సి వస్తుంది. అన్నీ చేతి సంచిలోనే, స్ట్రిప్పుల నుంచి విడదీయకుండా, ప్రిస్క్రిప్షన్‌తో పాటు ఉంచుకోండి. వారానికి సరిపడా అదనంగా వేసుకోండి.

జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే పెట్టుకోండి. అది డెంగీ అయితే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పును పెంచుతాయి. మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు ఏవో డాక్టరునే అడగండి. ఇల్లు చేరగానే వాటిని ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా 4 వారాలు వాడాలి. ఆ తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా ‘ఆఫ్రికా వెళ్లొచ్చాను’ అని డాక్టరుకు ముందే చెప్పండి, దయచేసి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లతో పాటు లీటరు బాటిల్ ఒకటి ఖాళీది పెట్టుకోండి, కొలత తప్పదు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి. డీట్ (దోమలను దగ్గరికి రానివ్వని మందు) ఉన్న దోమల క్రీము తప్పనిసరి. ముందు సన్‌స్క్రీన్, దాని మీద ఇది. థర్మామీటరు, బ్యాండేజీలు సరేసరి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డును పాస్‌పోర్టులోనే ఉంచండి. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు.