వినైల్ రెజిన్ పొడిని సాల్వెంట్‌లో ప్రమాదం లేకుండా కరిగించడం ఎలా?

పీవీసీ స్టిక్కర్ల మీద పడే స్క్రీన్ ప్రింటింగ్ ఇంకు, మందుబిళ్లల స్ట్రిప్పు వెనక అల్యూమినియం రేకుకు పూసే లాకర్ అనే పూత, కొన్ని రకాల పెయింట్లు, జిగుర్లు. వీటికి మూలసరుకు ఒక తెల్లటి పొడి. వినైల్ క్లోరైడును, వినైల్ ఎసిటేటును కలిపి తయారుచేసే కోపాలిమర్ రెజిన్ అది. ఎక్కువగా వాడే రకంలో మొదటిది 86 శాతం, రెండోది 14 శాతం ఉంటాయి. పొడిని పొడిగా ఎవరూ వాడరు. మిథైల్ ఇథైల్ కీటోన్, అంటే మనం ఎంఈకే అనే సాల్వెంట్, లేదా ఇథైల్ ఎసిటేట్, దానికి తోడు కొంత టోలీన్ కలిపి అందులో కరిగిస్తారు.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చిన్న షెడ్లలో ఈ పని ఏళ్ల తరబడి చేస్తున్నాను, చేయిస్తున్నాను. వెళ్లిన చోటల్లా ఒకటే తంతు. పనివాళ్ల ముక్కుకు మాస్కు ఉంటుంది, డ్రమ్ముకు ఎర్తింగ్ తీగ ఉండదు. పొడి విషమని భయపడతారు, పొడి సాల్వెంట్‌లో పడే క్షణాన్ని మాత్రం పట్టించుకోరు. ప్రాణాలు తీసేది ఆ క్షణమే.

పొడి గురించి భయం ఎంతవరకు?

వినైల్ క్లోరైడ్ వాయువు క్యాన్సర్ కారకమే. అమెరికాలోని లూయీవిల్‌లో పీవీసీ కర్మాగారం కార్మికులకు అరుదైన కాలేయ క్యాన్సర్ వచ్చిన సంగతి 1974లో బయటపడింది. ఆ తరువాతే అక్కడ పని గంటల సగటున గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం మించకూడదని పరిమితి పెట్టారు. కానీ అది వాయువు సంగతి. రెజిన్‌గా మారాక ఆ అణువులు గొలుసులుగా అతుక్కుపోతాయి, విడిగా మిగిలేది లేశమాత్రం. 2020 మే 7న విశాఖలో ప్రాణాలు తీసింది కూడా ఇలా గొలుసుగా మారని స్టైరీన్ ఆవిరే, దానితో తయారైన ప్లాస్టిక్ కాదు. ఆ తేడా తెలియక బస్తాను చూసి భయపడేవాళ్లను, ఆ తేడా చెప్పగానే అన్ని జాగ్రత్తలూ వదిలేసేవాళ్లను ఇద్దరినీ చూశాను. పొడి కంట్లో పడితే మండుతుంది, గొంతు గరగరలాడుతుంది, గాలిలో దట్టంగా లేస్తే అంటుకోగలదు. అందుకని గాలి గొట్టంతో ఊది శుభ్రం చేయడం మానండి. తడిగుడ్డతో తుడవండి.

కావలసినవి

మూతా చేతిరంధ్రమూ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర, నిప్పురవ్వ బయటికి రాని ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారుతో తిప్పి కలిపే స్టిర్రర్, అదే రకం లైటూ స్విచ్చులూ, స్టీలు డబ్బా, స్టీలు గరిటె, ఎర్తింగ్ తీగలు, వాటికి పళ్లున్న క్లిప్పులు, మల్టీమీటర్, కింది నుంచి గాలి లాగే ఫ్యాను. మనిషికి నూలు బట్టలు, యాంటీస్టాటిక్ బూట్లు, కళ్లద్దాలు. పొడి ఎత్తేటప్పుడు ఎన్95 మాస్కు. సాల్వెంట్ దగ్గర ఆ మాస్కు దండగ, అక్కడ ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జ్ ఉన్నదే కావాలి. నైట్రైల్ గ్లోవ్స్ ఎంఈకే ముందు నిలవవు. లామినేట్ రకం కొనండి. ప్లాస్టిక్ డ్రమ్ములు, ప్లాస్టిక్ బకెట్లు, ప్లాస్టిక్ గరాటాలు ఆ గదిలోకే రానివ్వకండి. ఫోన్లు గుమ్మం బయటే.

బస్తాలు దాచడం

రేకుల గోడకు ఆనించి పేర్చకండి. ఈ రెజిన్ 70 డిగ్రీలు దాటగానే మెత్తబడుతుంది. అంతకు చాలా ముందే, పైబస్తాల బరువుకు అడుగుబస్తాలో పొడి గడ్డ కడుతుంది. మే నెలలో బయటే 45 డిగ్రీలు కాస్తే, పడమటి రేకు గోడ ఎంత కాలుతుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. చెక్క పలకల మీద, గోడకు మూరెడు ఎడంగా, అయిదు వరుసలకు మించకుండా పేర్చండి.

సాల్వెంట్ నింపడం

ఎంఈకే సున్నాకు 9 డిగ్రీల దిగువనే అంటుకోగల ఆవిరినిస్తుంది. ఇథైల్ ఎసిటేట్ సున్నాకు 4 డిగ్రీల దిగువన, టోలీన్ 4 డిగ్రీల దగ్గర. మన ఊళ్లలో ఏ కాలంలోనైనా, ఏ పూటైనా ఈ మూడూ మండే స్థితిలోనే ఉంటాయన్నమాట. వీటి ఆవిరి గాలికంటే బరువు. నేలను పట్టుకుని పాకుతూ పోయి పక్క షెడ్డులో వెల్డింగ్ దగ్గర అంటుకుని వెనక్కి రాగలదు. ఆటోనగర్‌లో గోడ అవతల వెల్డింగ్ లేని షెడ్డు ఎక్కడుంది? పని మొదలుపెట్టేముందు పక్కవాళ్లకు చెప్పి ఆపించండి.

నింపే పైపు పాత్ర అడుగుదాకా దిగాలి. పైనుంచి ధారగా పోస్తే ఆ చిమ్మడంలోనే స్థిర విద్యుత్తు పుడుతుంది. నింపాక 10 నిమిషాలు కదపకుండా ఉంచండి.

చాలామంది ముందు టోలీన్ ఒక్కటే పోసి, అందులో పొడిని నానబెట్టి, తరువాత ఎంఈకే కలుపుతారు. గడ్డలు కట్టవని వాళ్ల వాదన. గడ్డలు కట్టవు, నిజమే. కానీ టోలీన్‌లో విద్యుత్తు పారదు. అందులో పుట్టిన చార్జి భూమిలోకి పోవడానికి దారి దొరక్క అక్కడే పేరుకుంటుంది. దాని ఆవిరి అంటుకోవడానికి కావలసింది 0.24 మిల్లీజౌల్ మాత్రమే. ఎంఈకేలో విద్యుత్తు కొంత పారుతుంది. అందుకని రెంటినీ ముందే కలిపేయండి, ఆ మిశ్రమంలోకే పొడి వేయండి. గడ్డల సంగతి ఓపికతో చూసుకోవచ్చు. ఉత్త టోలీన్‌లో పొడి పోయడం నా షెడ్డులో నిషేధం, మీ షెడ్డులోనూ అదే నియమం పెట్టండి.

పొడి వేయడం: ఇక్కడ తొందర వద్దు

రెజిన్ బస్తా లోపల ప్లాస్టిక్ సంచి ఉంటుంది. ఆ సంచిలోంచి పొడి జారేటప్పుడు పొడికీ సంచికీ మధ్య రాపిడి జరిగి రెండూ చార్జి అవుతాయి. సంచి పట్టుకున్న మనిషీ చార్జి అవుతాడు. అవతల పాత్ర నోటి దగ్గర సాల్వెంట్ ఆవిరి సిద్ధంగా ఉంటుంది. మనిషి ఒంటి నుంచి దూకే రవ్వలో టోలీన్ ఆవిరికి కావలసినదానికి పదుల రెట్లు శక్తి ఉండగలదు. చేతికి చురుక్కుమని తెలియనంత చిన్న రవ్వ కూడా సరిపోతుంది. కాబట్టి “నాకెప్పుడూ షాకు కొట్టలేదు” అనే మాటను రుజువుగా ఒప్పుకోవద్దు.

“కృష్ణ ఒడ్డున ఉన్నాం, గాలిలో ఇంత తేమ ఉంటే స్థిర విద్యుత్తు ఎక్కడిది?” అని అడిగేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. ఒళ్లంతా చెమట పడుతుంటే నమ్మబుద్ధి కాదు, అర్థం చేసుకోగలను. తేమ వల్ల వస్తువుల పైభాగం మీది చార్జి కొంత జారిపోతుంది, అది నిజం. మూటగట్టిన సంచి లోపల పొడికి ఆ తేమ తగలదు. పైగా వడగాడ్పు వీచే మధ్యాహ్నాల్లో ఇక్కడి గాలి ఎంత పొడిబారుతుందో మనకు తెలియనిది కాదు. వాతావరణాన్ని నమ్ముకుని ఎర్తింగ్ మానేయడం పనికిరాదు.

ముందు క్లిప్పు. రంగు వేసిన చోట, తుప్పు పట్టిన చోట పెట్టిన క్లిప్పు పెట్టనట్టే లెక్క. లోహం తెల్లగా కనబడేదాకా గీకి, పళ్లు కరిచేలా బిగించండి. మల్టీమీటర్ ఒక కొస పాత్రకు, ఇంకో కొస ఎర్తింగ్ పట్టీకి ఆనించి చూడండి. 10 ఓములు దాటితే పని మొదలుపెట్టకండి. పాత్రకూ పొడి డబ్బాకూ మధ్య ఇంకో తీగ ఉండాలి. ఇవన్నీ మూత తీయకముందే జరగాలి, మళ్లీ మూత పెట్టిన తరువాతే తీగలు ఊడదీయాలి. మూత తెరిచి ఉండగా క్లిప్పు పెట్టబోతే, ఆ పెట్టడంలోనే రవ్వ లేస్తుంది.

తరువాత బస్తా. ప్లాస్టిక్ సంచిని పాత్ర దగ్గరికి తీసుకురావద్దు. ఈ ఒక్క మాట గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. సాల్వెంట్ వాసన కూడా లేని వేరే గదిలో, ఎర్తింగ్ చేసిన స్టీలు డబ్బాలోకి పొడిని నెమ్మదిగా దించండి. ఖాళీ సంచిని అక్కడే వదిలేయండి. డబ్బాను పాత్ర దగ్గరికి తెచ్చి, తీగ కలిపి, కాసేపు ఆగండి. ఇందుకు అదనంగా పట్టేది పావుగంట. ఆ పావుగంట మిగుల్చుకోవడానికే బస్తాను భుజం మీద పెట్టుకుని, డ్రమ్ము నోట్లోకి ఒక్కసారిగా గుమ్మరించి, చివర్లో సంచిని దులుపుతారు. ఆ దులపడం అన్నిటికంటే ప్రమాదం. అప్పటికి సంచి ఖాళీ, చార్జి నిండుగా ఉంటుంది.

ఆ తరువాత మనిషి. హవాయి చెప్పులతో గానీ రబ్బరు చాప మీద గానీ నిలబడకూడదు. యాంటీస్టాటిక్ బూట్లు కూడా సిమెంటు నేల మీదే పనిచేస్తాయి. వాటి కింద రెజిన్ అట్టకట్టి ఉంటే పనిచేయవు, కాబట్టి రోజూ గీకండి. పాలిస్టర్ చొక్కా వద్దు. ఆడవాళ్లు చున్నీ, పైట స్టిర్రర్‌కు అందకుండా నూలు కోటు తొడుక్కోవాలి. మూత తీసేముందు ఎర్తింగ్ కడ్డీని ఒట్టి చేత్తో ముట్టుకోండి.

ఇప్పుడు ఫ్యాను వేసి, స్టిర్రర్ నెమ్మదిగా తిప్పుతూ, చేతిరంధ్రం వరకే తెరిచి, గరిటెతో కొంచెం కొంచెంగా వేయండి. సుడి అంచున పడాలి. ఉప్మాలోకి రవ్వ పోసినట్టే, ఒక్కసారి గుమ్మరిస్తే పైపొర జిగురుగా మారి లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. 25 కిలోల బస్తాకు నేను అరగంట ఇస్తాను. అంతకంటే తొందరగా కరిగించామని గొప్పగా చెప్పేవాళ్ల డ్రమ్ముల్లో వడపోతకు మిగిలే గడ్డలు చూశాక ఆ అరగంటను ఎవరికోసమూ తగ్గించలేదు. పాత్ర అంచుకు అంటిన రెజిన్‌ను ఇనుప కడ్డీతో కొట్టకండి, ఇత్తడి పారతో తీయండి.

డబ్బు పెట్టగలిగితే పాత్రలోకి నైట్రోజన్ వదిలి, లోపల ఆక్సిజన్‌ను 8 శాతం లోపుకు తెచ్చి, పొడిని మూసిన గొట్టం గుండా దించే ఏర్పాటు అన్నిటికంటే మంచిది. అలాంటప్పుడు ఆక్సిజన్ మీటరు తప్పనిసరి. నైట్రోజన్ ఉన్న పాత్రలోకి తల పెట్టిన మనిషి ఊపిరాడక పడిపోతాడు. అరిచే వ్యవధి కూడా ఉండదు.

వేడి, ఇనుము, జింకు

తొందరగా కరగాలని డ్రమ్మును ఎండలో పెట్టడం, హీటర్ చుట్టడం మానండి. ఈ రెజిన్‌ను ఎక్కువగా వేడి చేస్తే విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదులుతుంది. తేమ తగిలితే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ఇనుము, జింకు ఆ విడిపోవడాన్ని వేగం చేస్తాయి. అందుకే పూత లేని ఇనుప డ్రములూ, జింకు పూత ఉన్న జీఐ బకెట్లూ వద్దంటున్నాను. ద్రావణం పసుపు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంటే, ముక్కుకు ఘాటు తగులుతుంటే అది పాడవుతున్నట్టు. వేడి తీసేసి, గాలి ఆడనిచ్చి, బయటికి వచ్చేయండి.

ప్రమాదం జరిగితే

కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి. సాల్వెంట్ ఆవిరికి తల తిరిగితే వెంటనే ఆరుబయటికి. సాల్వెంట్ మంటకు పొడి రసాయనం గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ వాడాలి. నీటి ధార కొడితే మండుతున్న సాల్వెంట్ చెదిరి పాకుతుంది. మంట చేతికి మించితే ఆర్పే ప్రయత్నం వదిలి, గాలి వచ్చే వైపుకు పరుగెత్తి 101కి ఫోన్ చేయండి. ఆ పొగలో ఆమ్లం ఉంటుంది. పీల్చినవాళ్లు “బాగానే ఉన్నాను” అన్నా 108 పిలిచి ఆసుపత్రికి పంపండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తరువాత మొదలుకావచ్చు.

మిగిలిన చెత్త

ఖాళీ సంచులను షెడ్డు వెనక తగలబెట్టడం చాలాచోట్ల అలవాటు. సంచికి అంటుకున్న రెజిన్ కాలితే వచ్చేది పైన చెప్పిన ఆమ్లపు పొగే, అది పక్క ఇళ్లలోకి పోతుంది. సాల్వెంట్ గుడ్డలను మూత ఉన్న లోహపు డబ్బాలో వేసి ఏ రోజుకారోజు బయటికి చేర్చండి. గడ్డకట్టిన ద్రావణాన్ని కాలవలో పోయకండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకు అప్పగించి, రసీదు దాచండి. రసీదు మీద బరువూ తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి.