క్లౌడ్ సర్టిఫికేషన్: మీకు సరిపడేది ఎంచుకుని సాధించడం ఎలా?

"ఏ సర్టిఫికేషన్ చేస్తే ఉద్యోగం వస్తుంది?" క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే కంప్యూటర్లు, స్టోరేజ్) వైపు రావాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఇదే. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, రోజూ ఏ పని చేయాలనుకుంటున్నారన్నది. పని తేలితే పరీక్ష దానంతటదే తేలిపోతుంది.

1. పని తేల్చుకోండి

మీకు నచ్చిన ఉద్యోగ ప్రకటనలు ఓ ఇరవై తెరిచి చదవండి. ఏ క్లౌడ్ అడుగుతున్నారు, ఏ సర్టిఫికేషన్ పేరు పదే పదే కనిపిస్తోంది, దాంతోపాటు లినక్స్, పైథాన్, టెర్రాఫామ్ (క్లౌడ్ ఏర్పాట్లను కోడ్‌గా రాసే టూల్) లాంటివి ఏమేం కావాలంటున్నారు, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఇప్పుడున్న ఆఫీసులో మైక్రోసాఫ్ట్ వారి అజూర్ క్లౌడ్ వాడుతుంటే అజూర్‌తోనే మొదలుపెట్టండి. నేర్చుకున్నది మర్నాడే పనిలో పెట్టే అవకాశం ఉంటుంది.

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), అజూర్, గూగుల్ క్లౌడ్ మూడింటినీ ఒకేసారి పట్టుకోవద్దు. ఒకదాంట్లో లోతుగా దిగితే మిగతావి త్వరగా పట్టుబడతాయి. ఫైళ్లు దాచే సర్వీసును ఏడబ్ల్యూఎస్‌లో ఎస్3 అంటారు, అజూర్‌లో బ్లాబ్ స్టోరేజ్ అంటారు, వెనక ఆలోచన ఒకటే.

2. ఏ మెట్టు నుంచి?

ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్, అజూర్ ఏజెడ్-900 లాంటి పరీక్షలు పూర్తిగా కొత్తవాళ్లకు, టెక్నికల్ కాని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు బాగుంటాయి. నెట్‌వర్కింగ్, లినక్స్ కాస్త తెలిసినవాళ్లు వాటిని వదిలేసి నేరుగా ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్, అజూర్ అడ్మినిస్ట్రేటర్ (ఏజెడ్-104), గూగుల్ అసోసియేట్ క్లౌడ్ ఇంజనీర్‌లలో ఒకటి ఎంచుకోవచ్చు. కింది పరీక్ష పాసై ఉండాలన్న నియమం వీటికి లేదు. అజూర్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ ఎక్స్‌పర్ట్ కావాలంటే మాత్రం ఏజెడ్-305 పరీక్షతోపాటు అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికేషన్ కూడా ఉండాలి.

కుబెర్నెటీస్ (కంటైనర్లలో నడిచే అప్లికేషన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) మీద పని చేయాలనుకునేవాళ్లకు సీకేఏ (సర్టిఫైడ్ కుబెర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్) పరీక్ష ఉంది. అందులో నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టడం ఉండదు. 2 గంటలపాటు కమాండ్ లైన్‌లో నిజంగా పని చేసి చూపించాలి. అందుకే ఆ సర్టిఫికేషన్ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

3. ఎగ్జామ్ గైడ్ దగ్గర పెట్టుకోండి

ఏ కోర్సూ కొనకముందే పరీక్ష పెట్టే సంస్థ ఉచితంగా ఇచ్చే గైడ్ డౌన్‌లోడ్ చేసుకోండి. అసలు సిలబస్ అదే. ఉదాహరణకు సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ (ఎస్ఏఏ-సీ03) గైడ్‌లో సెక్యూరిటీకి 30 శాతం, వైఫల్యాలను తట్టుకునే డిజైన్‌కు 26, పనితీరుకు 24, ఖర్చు తగ్గించడానికి 20 శాతం వెయిటేజ్ ఉంది. చాలామంది కోర్సు వీడియోల వరుసలో సాగిపోతూ ఐఏఎం పాలసీలను (ఎవరికి ఏ అనుమతి అని చెప్పే సెక్యూరిటీ నియమాలు) పైపైన చూసి వదిలేస్తారు. ఎక్కువ మార్కులున్న భాగమేమో అదే.

4. చేత్తో కట్టి చూడండి

మీ సమయంలో సగానికి పైగా దీనికే ఇవ్వండి. ఏడబ్ల్యూఎస్ అకౌంట్ తెరవగానే రూట్ యూజర్‌కు (అన్ని అధికారాలూ ఉన్న లాగిన్) ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తోపాటు రెండో తనిఖీ) పెట్టి, బడ్జెట్ అలర్ట్ సెట్ చేయండి. అలర్ట్ కబురు పంపుతుందే తప్ప సర్వీసును ఆపదు, ఆపాల్సింది మీరే.

ఇక ఒక చిన్న ల్యాబ్. ఒక వీపీసీలో (క్లౌడ్‌లో మీ సొంత నెట్‌వర్క్) బయటి ఇంటర్నెట్‌కు దారి లేని ప్రైవేట్ సబ్‌నెట్ (ఆ నెట్‌వర్క్‌లో ఒక భాగం) పెట్టి, అందులో ఒక ఈసీ2 మెషీన్ (అద్దె సర్వర్) నడపండి. ఎస్3 బకెట్ (ఫైళ్లు దాచే డబ్బా) చదివే అనుమతిని ఆ మెషీన్‌కు ఐఏఎం రోల్ ద్వారా ఇవ్వండి. ఇప్పుడు ఆ మెషీన్‌లోంచి బకెట్‌లోని ఫైళ్ల జాబితా అడగండి. అనుమతి ఉన్నా జవాబు రాదు, కమాండ్ అలాగే వేలాడుతుంది. అదే రీజియన్‌లో ఎస్3కి గేట్‌వే ఎండ్‌పాయింట్ (ఇంటర్నెట్‌తో పనిలేకుండా ఎస్3కి చేరే దారి) పెట్టి, దాన్ని ఆ సబ్‌నెట్ రూట్ టేబుల్‌కు (ఏ ట్రాఫిక్ ఎటు వెళ్లాలో చెప్పే పట్టిక) కలిపి మళ్లీ అడగండి. జాబితా వచ్చేస్తుంది. అనుమతి వేరు, దారి వేరు అన్న సంగతి ఇక మర్చిపోలేరు.

పరీక్షలో ఇదే విషయం ఇలా వస్తుంది: ప్రైవేట్ సబ్‌నెట్ నుంచి ఎస్3కి తక్కువ ఖర్చుతో చేరడం ఎలా? నాట్ గేట్‌వేతోనూ (ప్రైవేట్ సబ్‌నెట్ నుంచి ఇంటర్నెట్‌కు దారి ఇచ్చే సర్వీసు) పని జరుగుతుంది, కానీ దానికి గంటకింత, జీబీకింత చొప్పున బిల్లు పడుతుంది. గేట్‌వే ఎండ్‌పాయింట్‌కు చార్జ్ లేదు. "తక్కువ ఖర్చుతో" అన్న ఒక్క మాటే జవాబును మార్చేస్తుంది. ల్యాబ్ అయ్యాక అన్నీ డిలీట్ చేశారో లేదో బిల్లింగ్ పేజీలో చూసుకోండి.

5. మాక్ టెస్టులు, అసలు పరీక్ష

మాక్ టెస్ట్‌లో వచ్చిన స్కోరు కంటే, తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కుదరవో రాసుకోవడం ముఖ్యం. లీకైన ప్రశ్నల డంప్‌ల జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి. దొరికితే సర్టిఫికేషన్ రద్దవుతుంది. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది.

ఎస్ఏఏ-సీ03లో 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, పాస్ కావడానికి 1000కి 720. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు ఇంగ్లిష్‌లో రాస్తే ఏడబ్ల్యూఎస్ 30 నిమిషాలు అదనంగా ఇస్తుంది, అయితే స్లాట్ బుక్ చేయకముందే అడగాలి. ఈ సంగతి తెలియక టెన్షన్ పడేవాళ్లు ఎందరో! ఇంటి నుంచి రాస్తే టేబుల్ ఖాళీగా ఉండాలి, గదిలోకి ఎవరూ రాకూడదు, ఐడీ కార్డులో పేరు రిజిస్ట్రేషన్‌తో సరిపోవాలి. ఫెయిలైతే ఏడబ్ల్యూఎస్‌లో 14 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు.

6. పాసయ్యాక

చేసిన ల్యాబ్‌లను డయాగ్రమ్‌తో సహా గిట్‌హబ్‌లో (కోడ్ దాచి నలుగురికీ చూపించే సైట్) పెట్టి, ఆ లింకు రెజ్యూమేలో ఇవ్వండి. గడువు తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికేషన్లు 3 ఏళ్లు చెల్లుతాయి. ఏజెడ్-104 ఏడాదే, కానీ గడువుకు ఆరు నెలల ముందు నుంచి మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు. ఆ గడువు దాటిపోతే మళ్లీ ఫీజు కట్టి పూర్తి పరీక్ష రాయాల్సిందే.