కేదార్‌నాథ్ వెళ్తున్నారా? పొడి బట్టల జత మీ వీపు మీదే ఉండాలి

మొన్న మా వీధిలో ఒకావిడ ఫోన్ చేసింది. "అక్కా, వచ్చే వారం కేదార్‌నాథ్ బయల్దేరుతున్నాం. మే నెలే కదా, ఒక స్వెట్టరు, మంకీ క్యాపు చాలవా?" అని అడిగింది. ఇక్కడ రాజమండ్రిలో రోళ్లు పగిలే ఎండ. ఫ్యాను కింద కూర్చుని బ్యాగు సర్దుకునేవాళ్లకి మంచు సంగతి ఎంత చెప్పినా తలకెక్కదు. కిందటేడు మే నెలలో మా బృందంలో జరిగింది చెప్పాక ఆవిడ సర్దిన బ్యాగు విప్పి మళ్లీ సర్దింది. మీలో ఎవరైనా ఈ నెలలో, వచ్చే నెలలో వెళ్తుంటే అది మీకూ తెలియాలని రాస్తున్నాను.

మేం పద్నాలుగు మందిమి. ఉదయం ఆరున్నరకి గౌరీకుండ్ నుంచి నడక మొదలుపెట్టాం. ఆకాశం కడిగినట్టు ఉంది. మాతో వచ్చిన బాబాయిగారికి అరవై రెండేళ్లు, పిన్నికి యాభై ఎనిమిది. మోయలేమని బ్యాగులు గుర్రం మీద పంపేశారు. జంగిల్‌చట్టి దాటేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. స్వెట్టర్లు విప్పి నడుముకి కట్టుకున్నారు. భీంబలి దాటాక మబ్బు కమ్మింది. ముందు సన్నటి జల్లు. లించోలి చేరేసరికి అదే మంచై పడుతోంది. మేం పైకి చేరినప్పుడు సాయంత్రం ఐదు దాటింది. బ్యాగులు రాలేదు. దారి జారుతోందని గుర్రాలను కిందే ఆపేశారు.

బాబాయిగారు ఆ తడి చొక్కాతోనే క్యూలో నిలబడ్డారు. ఇంత దూరం వచ్చి ముందు స్వామిని చూడకుండా గదికి ఎలా పోతామని ఆయన పట్టుదల. గంటన్నర నిలబడ్డాం. మొదట పళ్లు పటపట కొట్టుకున్నాయి, ఒళ్లంతా వణికింది. కాసేపటికి వణుకు ఆగిపోయింది. "నాకిప్పుడు చలెయ్యట్లేదమ్మా" అన్నారు. హమ్మయ్య అనుకున్నాం. ఆయన చొక్కా పై గుండీ పెట్టుకోబోతే వేళ్లు దాన్ని పట్టుకోలేకపోవడం అప్పుడు చూశాను. మూడుసార్లు ప్రయత్నించి, ఏం చేస్తున్నారో మర్చిపోయినట్టు చెయ్యి కిందికి దించేశారు. ఏ ఊరు నుంచి వచ్చారని పక్కాయన అడిగితే జవాబు ముద్దముద్దగా వచ్చింది.

మెడికల్ క్యాంపుకి మోసుకెళ్లాం. డాక్టరు ముందు చేసిన పని మందివ్వడం కాదు, తడి బట్టలన్నీ విప్పించడం. పొడి దుప్పట్లు చుట్టి, వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి చంకల్లో పెట్టారు. ఒళ్లు వెచ్చబడి వణుకు మళ్లీ మొదలైనప్పుడు "ఇది మంచి గుర్తు" అన్నాడు ఆ డాక్టరు. మర్నాడు కిందికి దించాం. ఇప్పుడు బాగున్నారు. ఆ రాత్రి తొమ్మిదీ నలభైకి గుర్రం మీద బ్యాగు వచ్చింది. జిప్పు తీస్తే పిన్ని ప్లాస్టిక్ కవరులో మడతపెట్టి సర్దిన ఉన్ని బనియన్లు, ప్యాంట్లు, రెండు జతల మేజోళ్లు చుక్క తడి లేకుండా ఉన్నాయి.

నేను పదకొండేళ్లుగా ఏటా ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. మనుషుల్ని పడగొట్టేది ప్రతిసారీ ఇదే తప్పు. స్వెట్టరు తీసుకెళ్లకపోవడం కాదు, అందరూ తీసుకెళ్తారు. పొడి బట్టలు ఒకచోట, మనిషి ఇంకోచోట ఉండటం. బ్యాగు గుర్రం మీద, లేదా పిట్టూ వాడి (వీపున బుట్టలో బరువులు మోసే కూలీ) వీపు మీద, లేదా కింద సోన్‌ప్రయాగ్ ఊళ్లో తీసుకున్న గదిలో. మనిషి మాత్రం తడిసి పైన.

మే నెలలో మంచేమిటి

కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. గౌరీకుండ్ రెండు వేల మీటర్లకు కాస్త తక్కువ. ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతాయి కాబట్టి, కింద పద్దెనిమిది ఉంటే పైన ఎనిమిది. అది ఎండ కాసినప్పటి లెక్క. మధ్యధరా సముద్రం వైపు నుంచి వాన, మంచు మోసుకొచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు చలికాలంతోనే ఆగిపోవు, ఏప్రిల్, మేలలో కూడా తగులుతుంటాయి. అప్పుడు కింద వాన, పైన మంచు.

2023లో ఏప్రిల్ 25న గుడి తలుపులు తెరిచారు. మంచు ఎడతెరిపి లేకుండా పడటంతో కేదార్‌నాథ్‌కి కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేశారు, మే మొదటి వారంలో కూడా ఆ ఆంక్ష పొడిగించారు. జూన్ వచ్చిందంటే భయం లేదనుకునేవాళ్లు 2024 గుర్తు చేసుకోవాలి. ఆ జూన్ మొదటి వారంలో ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ ట్రెక్కింగ్‌కి వెళ్లిన 22 మంది బృందం మంచుగాలిలో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు వెళ్లింది మనకన్నా ఎత్తుకి, కష్టమైన దారిలో, నిజమే. చలి మనిషిని చంపే తీరు మాత్రం ఎక్కడైనా ఒకటే.

తడి ఎందుకంత ప్రమాదం

నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. మనం కట్టుకునేవి ఎక్కువగా నూలు బట్టలే. నూలు చెమటనీ వాననీ పీల్చుకుని వదలదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది, నూలుకి అదీ లేదు. పైగా గాలి. సున్నా డిగ్రీలు ఉండక్కర్లేదు, ఎనిమిది డిగ్రీల్లో కూడా తడిసిన మనిషి గాలిలో నిలబడితే ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోవచ్చు. అదే హైపోథర్మియా. నడుస్తున్నంతసేపు కండరాలు వేడి పుట్టిస్తాయి కాబట్టి తెలియదు. ఆగి క్యూలో నిలబడ్డాక తెలుస్తుంది.

అందుకే చెప్పేది, వానలో మాత్రమే కాదు, ఎండలో చెమటతో తడిసినా తడే. పైకి చేరగానే, దర్శనానికి ముందే, గది దొరక్కపోయినా ఏదో ఒక గుడారం చాటున ఒంటికి అంటుకున్న బట్ట మార్చాలి. బనియను, లోదుస్తులు, మేజోళ్లతో సహా. పైన ఇంకో స్వెట్టరు వేసుకుంటే లోపలి తడి ఆరదు. పొడి జత మీ వీపు మీదే ఉంటేనే ఇది కుదురుతుంది.

ఆడవాళ్లకి ఇంకో మాట. చీరతో ఎక్కొద్దు. కుచ్చిళ్లు మంచులో ఈడ్చుకుంటూ మోకాళ్ల దాకా తడి పీలుస్తాయి. ఆ రోజు పిన్ని చీర పిండితే బకెట్లో నీళ్లు కారాయి. లోపల థర్మల్ (ఒంటికి అతుక్కునే వెచ్చటి లోదుస్తులు), పైన పంజాబీ డ్రెస్సు, దాని మీద రెయిన్‌కోటు. చీర కవరులో పెట్టుకుని దర్శనానికి కట్టుకోండి, స్వామికి ఏ లోటూ ఉండదు.

మడి అని తడి పంచెతో నిలబడేవాళ్లూ ఉన్నారు. మన ఊళ్లో కోనేట్లో మునిగి తడి బట్టతో గుళ్లోకి వెళ్లడం వేరు. కేదార్‌నాథ్‌లో మందాకిని నదిలో మునిగి ఆ గాలిలో నిలబడటం వేరు. నీళ్లు తల మీద చల్లుకోండి, చాలు. బద్రీనాథ్ తప్తకుండం, యమునోత్రిలో స్నానాలకున్న కుండం నీళ్లు వేడిగా ఉంటాయి కాబట్టి స్నానం హాయిగానే ఉంటుంది (యమునోత్రి సూర్యకుండంలో మాత్రం దిగొద్దు, ఆ నీళ్లు మరుగుతుంటాయి). ఇబ్బంది బయటికి వచ్చాక. తువ్వాలు, పొడి బట్టలు గట్టు మీద చేతికందేలా పెట్టుకుని దిగాలి. తల పూర్తిగా తుడుచుకోకుండా ఆరుబయటికి రావద్దు.

వీపు మీద సంచిలో

బరువంతా గుర్రం మీద పంపండి, పర్వాలేదు. ఒక చిన్న సంచి మాత్రం మీ దగ్గరే. అందులో గట్టిగా ముడేసిన ప్లాస్టిక్ కవరులో ఒక జత: థర్మల్ పైదీ కిందదీ, ఉన్ని మేజోళ్లు రెండు జతలు, చేతి తొడుగులు, మంకీ క్యాపు. దాంతోపాటు రోజూ వేసుకునే మాత్రలు, టార్చి, బెల్లం వేరుశనగ ఉండలు, ఫ్లాస్కులో వేడినీళ్లు. రెండు కిలోలు కూడా ఉండదు. భార్యాభర్తలిద్దరిదీ ఒకే సంచిలో పెట్టొద్దు. దారిలో ఒకరు ముందు, ఒకరు వెనక అయిపోతారు.

హెలికాప్టర్‌లో వెళ్లేవాళ్లకి ఈ సంచి ఇంకా ముఖ్యం. పది నిమిషాల్లో దించుతాడు, మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తాం అని చేతిసంచితో ఎక్కుతారు. మబ్బు పడితే హెలికాప్టర్ రాదు. పల్చటి శాలువాతో ఆ రాత్రంతా పైన ఉండాల్సి వస్తుంది. నడిచి వచ్చినవాళ్లకి ఒళ్లు కొంతైనా ఎత్తుకి అలవాటు పడుతుంది, వీళ్లకి అదీ ఉండదు.

ఇక మిగిలినవి వరసగా చెప్తాను.

- తెల్లవారుజామున నాలుగు, ఐదుకే బయల్దేరండి. కొండల్లో ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే వాతావరణం చెడుతుంది. మేం ఆరున్నరకి బయల్దేరడం కూడా ఆలస్యమే.

- వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఇస్తే గుప్తకాశీలోనో సోన్‌ప్రయాగ్‌లోనో ఆగిపోండి. తిరుగు రైలు టికెట్ పోతే పోతుంది. రెండు రోజులు అదనంగా ఉండేలా ముందే ప్లాన్ చేసుకోండి.

- ముప్పై రూపాయల పల్చటి రెయిన్‌కోటు నమ్మొద్దు. గాలికి చిరుగుతుంది, లోపల చెమట పట్టిస్తుంది.

- చెమట పట్టేంత వేగంగా నడవొద్దు. పట్టబోతోందనగానే ఒక పొర విప్పండి, ఆగగానే వేసుకోండి.

- ఉపవాసంతో ఎక్కొద్దు. వణకడానికి కూడా ఒంట్లో సత్తువ కావాలి.

- రెండు జతల మేజోళ్లు బిగుతు బూట్లలో కుక్కొద్దు. రక్తం ఆడకపోతే వేళ్లు ముందు పోతాయి. బూట్లు అర సైజు పెద్దవి కొనండి, ఇక్కడే నెల రోజులు తొడుక్కుని నడవండి.

- పగలు కరిగిన మంచు రాత్రి గడ్డకట్టి తెల్లారేసరికి గాజులా ఉంటుంది. కర్ర తప్పనిసరి.

- చలికి బ్రాందీ మందు కాదు. వెచ్చగా అనిపిస్తుంది, ఉన్న వేడి చర్మం మీదుగా బయటికి పోతుంది.

- మూసిన గుడారంలో, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకి (కార్బన్ మోనాక్సైడ్) వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఎంత చలైనా సరే, వద్దు.

- కొంకర్లు పోయిన వేళ్లని రుద్దొద్దు, మంట మీద పెట్టొద్దు. మీ చంకలో పెట్టుకోండి.

- వణికే మనిషిని ఒంటరిగా గదిలో పడుకోబెట్టి దర్శనానికి వెళ్లొద్దు.

- మాట తడబడినా, అడుగు తూలినా, గుండీ పెట్టుకోలేకపోయినా, వణుకు దానంతటదే ఆగిపోయినా వెంటనే మెడికల్ క్యాంపు. 108కి ఫోన్. "కాసేపు చూద్దాం" అనొద్దు.

- మగతగా ఉన్న మనిషి నోట్లో టీ పొయ్యొద్దు.

- తలనొప్పి, వాంతులు చలివల్ల అనుకోవద్దు, ఎత్తువల్ల కావచ్చు. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. చేతిలో పట్టుకునే ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాలే వస్తుంది, దాన్ని నమ్ముకుని పైకి వెళ్లొద్దు.

- ఎత్తువల్ల వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టరు రాస్తేనే. పక్కవాళ్ల మాత్ర వద్దు.

- బీపీ, షుగర్ మాత్రలు ఆ నాలుగు రోజులు మానొద్దు.

- చలికి ఫోన్ ఛార్జింగ్ ఇట్టే అయిపోతుంది. చొక్కా లోపల పెట్టుకోండి.

- పెద్దవాళ్లు "నాకేం లేదు, మీరు పదండి" అంటే వినొద్దు. చెయ్యి పట్టుకుని చూడండి, బనియను తడిగా ఉందో లేదో మీరే చూడండి. మొహమాటపడొద్దు.

- బ్యాగు గుర్రం వాడికి ఇచ్చేటప్పుడు, బృందంలో ప్రతి ఒక్కరినీ నిలబెట్టి అడగండి: పొడి జత ఎక్కడుంది? వీపు చూపిస్తేనే కదలండి.

- దిగేటప్పుడూ అంతే. పైన తడిసిన జత ఆరదు కాబట్టి దిగేరోజు ఇంకో పొడి జత కావాలి, గుర్రం మీద వచ్చిన బ్యాగులోంచి తీసి మళ్లీ ఆ చిన్న సంచిలోకి మార్చుకోండి. గౌరీకుండ్‌లో జీపు ఎక్కేదాకా ఆ సంచి భుజం మీంచి దించొద్దు.