వానాకాలంలో డుడుమకి వెళ్తున్నారా?

హిమాలయాల వైపు జలపాతాలకి ఎండలు ముదిరేకొద్దీ మంచు కరిగి నీళ్లొస్తాయి. పొద్దున సన్నగా ఉన్న వాగు మధ్యాహ్నం దాటాక పెరుగుతుంది కాబట్టి కాస్త లెక్కకి అందుతుంది. ఒడిశా కొరాపుట్ జిల్లాలోని మన డుడుమ జలపాతం దగ్గర ఆ లెక్క సాగదు. ఇక్కడ మత్స్యకుండం నది సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. ఎగువన జోలాపుట్ జలాశయం, దాని కింద మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రానికి నీళ్లు మళ్లించే డ్యామ్ ఉన్నాయి. గేట్లు ఎత్తారంటే మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఏరు పొంగుతుంది.

అందుకని ఆకాశం చూసి బయల్దేరొద్దు, గేట్ల సంగతి కనుక్కుని బయల్దేరండి. కొరాపుట్ జిల్లాలోని జైపూర్ నుంచి వచ్చినా, పాడేరు, ముంచింగిపుట్టు మీదుగా వచ్చినా దారిలో టీ కొట్టు దగ్గర ఆగి అడగండి. తెలుగులో అడిగినా చెప్తారు.

ఎగువన బండల మీద కూర్చోవాలని అందరికీ సరదాయే. కానీ తేట నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే లేచి గట్టెక్కండి. ట్రైపాడ్ మళ్లీ కొనుక్కోవచ్చు. నల్లగా మెరిసే రాయంటే పాచి పట్టిందనే అర్థం, దాని మీద ఎంత ఖరీదైన బూటైనా జారుతుంది. కెమెరాకి కన్ను ఆనించి ఒక్క అడుగు కూడా వెయ్యకండి. లోయలోకి దిగే ఆలోచన శీతాకాలానికి వాయిదా వెయ్యండి.

ఫొటోలు కంచె ఇవతల నుంచే బాగా వస్తాయి, నా మటుకు నాకు అదే నచ్చుతుంది. తెల్లవారుజామున వెళ్తే పొగమంచులో జలపాతం వినబడుతుంది, కనబడదు. మంచు విడిచేదాకా ఆగండి. నీరు పాలధారలా రావాలంటే షట్టర్ అర సెకను చాలు, వెలుతురు ఎక్కువైతే దాన్ని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లెన్స్‌కి పెట్టండి. తుంపర నిమిషంలో లెన్స్‌ని కప్పేస్తుంది. మెత్తటి పొడిగుడ్డలు రెండు మూడు ఉంచుకుని, ప్రతి ఫొటోకీ ముందు తుడవండి. ఏసీ కారులోంచి తీసిన కెమెరాకి ఆవిరి పడుతుంది కాబట్టి కాసేపు సంచిలోనే ఉంచండి. ఆనకట్టల వైపు అనుమతి లేకుండా డ్రోన్ ఎగరెయ్యొద్దు.

గురువారమైతే దగ్గర్లోని ఒనకఢిల్లీ సంత కూడా చూడొచ్చు, బోండా తెగ గిరిజన ఆడవాళ్లు కొండ దిగి వస్తారు. అక్కడ మాత్రం కెమెరా సంచిలోనే ఉండనివ్వండి.